ఇంకో నాలుగు కవర్లు

"ఇంకో నాలుగు కవర్లు ఇవ్వమ్మా," అంది అమ్మ.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నా వైపు చూసింది. నేను గాజు తలుపు బయట కురుస్తున్న ఆషాఢం వాన వైపు చూశాను.

మాదాపూర్‌లో అంత ఖరీదైన పట్టుచీరల షాపు ఇంకొకటి లేదు. లోపల నడుస్తుంటే చెప్పుల చప్పుడు వినపడదు. చీర చూపించే ముందు బాదంపాలు ఇస్తారు. ఊరంతా ఆషాఢం తగ్గింపులని బ్యానర్లు కట్టుకుంటుంటే వీళ్ళు తలుపు మీద ఒక్క కాగితం ముక్క కూడా అంటించరు. అలాంటి చోట అమ్మ నా బోనస్‌తో వంగపండు రంగు కంచిపట్టు చీర తీసుకుంది. ధర వినగానే తల ఊపింది, అంతే. బేరమన్న మాటే ఎత్తలేదు. మహారాణిలా లేచి నిలబడింది. ఆ దర్జా అంతా కవర్ల దగ్గరికొచ్చేసరికి కారిపోయింది.

"ఒక చీరకి ఒక బ్యాగే మేడమ్."

"ఇంత పెట్టి కొన్నాం, కవర్ల దగ్గర లెక్కేంటి తల్లీ? దాని మీదేమైనా బంగారం పూశారా?"

పూసినట్టే ఉంది మరి. నల్లటి అట్ట సంచి, మెరిసే బంగారు అక్షరాల్లో షాపు పేరు, పట్టుకోవడానికి పట్టుతాడు. మా ఆఫీసువాళ్ళెవరైనా వెనక ఉన్నారేమోనని నేను తల తిప్పకుండానే చచ్చిపోయాను. అమ్మ మాత్రం నాలుగూ సాధించి, మడతపెట్టి చంకలో పెట్టుకుని మరీ బయటికొచ్చింది.

నేను సిగ్గుపడాల్సిన చోటు అది కాదని శ్రావణం వచ్చాక తెలిసింది.

అప్పటికి మేము హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక, పెంటయ్య, భాగ్యమ్మల ఇంట్లో మేడ మీద అద్దెకుంటున్నాం. నాన్న భీమేశ్వరరావు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. చందానగర్ దాటాక కొత్తగా లేచిన టవర్లలో ఫ్లాటు కొనుక్కున్నాం. శ్రావణం రాగానే గృహప్రవేశం. వచ్చిన చుట్టాలకి పెట్టుబడి చీరలు కావాలి.

కంచిపట్టు కొన్న సాయంత్రమే చందానగర్ బజారుకి వెళ్ళాం. తడిసిన టార్పాలిన్ కింద బల్ల మీద చీరలు గుట్టగా పోసి ఉన్నాయి. "ఆషాఢం లాట్! అయిపోతే మళ్ళ రాదమ్మా!" అని ఒకతను గొంతు చించుకుంటున్నాడు. మాదాపూర్‌లో మహారాణిలా కూర్చున్న అమ్మ కొంగు బొడ్లో దోపి ఆ గుట్టలోకి మోచేతుల దాకా దిగిపోయింది. ఒకే డిజైన్, నీలం, గులాబీ, పసుపు రంగుల్లో డజను ఏరింది. ఇక బేరం. వాన ఆగి మళ్ళీ మొదలైంది గానీ ఆ బేరం తెగలేదు.

"పొద్దున అక్కడ నోరెత్తలేదు," అన్నాను ఆటోలో. "ఇక్కడ చీరకి ముప్ఫై రూపాయల కోసం అతన్ని ఏడిపించావు."

"అక్కడ బేరమాడితే మనల్ని చిన్నచూపు చూస్తారే. ఇక్కడ ఆడకపోతే వెర్రిమొహం అనుకుంటారు." అమ్మ తడిసిన మూట ఒళ్ళోకి లాక్కుంది. "పైగా ఇక్కడ ఇంత మిగిల్చానని తలుచుకుంటేనే అక్కడ పెట్టింది కడుపులో మండకుండా ఉంటుంది. నీకు తెలీదులే."

తెలీకపోవడమేంటి? నేను ఏడాది పాటు జీతంలో మిగుల్చుకుని కొన్న విదేశీ హ్యాండ్‌బ్యాగులో ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా, ఎవరో పంచిన షాంపూ పొట్లాలు ఉంటాయి. మా ఫ్లోరులో అందరూ అంతే. ఖరీదైన కాఫీ తాగుతూ డెలివరీ ఉచితంగా వచ్చే కూపన్ కోసం వెతుకుతుంటారు. ఎక్కడ నలుగురి కళ్ళు పడతాయో అక్కడ చెయ్యి వదులు చేస్తాం. పడని చోట పిడికిలి బిగిస్తాం.

లాట్ చీరల్లో కలపకుండా అమ్మ ఒకటి విడిగా కొంది. ఆకుపచ్చ గద్వాల చీర. అది భాగ్యమ్మకి.

"కాలు విరిగి మంచాన పడ్డప్పుడు రెండు నెలలు నా నోటికి ముద్ద అందించిన మనిషి. ఆవిడకి లాట్ చీర పెడితే కళ్ళు పోతాయి," అంది.

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అది మాత్రం నేను ఎవరి ముందైనా చెప్తాను.

*

గృహప్రవేశం ముహూర్తం తెల్లవారకముందే. శ్రావణంలో టైలర్ల కాళ్ళు పట్టుకున్నా బ్లౌజు చేతికి రాదు కాబట్టి, అమ్మ కంచిపట్టుకి తనే ఫాల్ కుట్టుకుని పాత బ్లౌజుతో కట్టుకుంది. జాకెట్టు ముక్క చీరకే ఉండిపోయింది. పాలు పొంగాయి. వ్రతం అయింది. వంటవాళ్ళ మధ్య పట్టుచీర నలిగిపోతుందని, చుట్టాలు దిగేలోపే మార్చేసి నూలు చీర కట్టుకుంది.

పదింటికి ఎవరూ అనుకోని మనిషి లిఫ్టులోంచి దిగింది. మా మేనత్త. రానని కబురు పెట్టిన మనిషి, కాకినాడ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేసింది.

పెట్టుబడి చీరలు పరిచిన గదిలో అమ్మ తలుపు దగ్గరికి వేసింది. గద్వాల చీర తీసి పక్కన పెట్టింది. నాన్న చూశారు.

"అది భాగ్యమ్మగారికన్నావుగా?"

"మీ అక్కగారికి లాట్ చీర పెట్టమంటారా? బతికినన్నాళ్ళూ దెప్పుతుంది. ఆవిడ చీర చేత్తో పట్టుకుంటేనే ధర చెప్పేస్తుంది."

"మరి భాగ్యమ్మగారికో?"

అమ్మ నీలం రంగు లాట్ చీర ఒకటి తీసింది. దులిపింది. మాదాపూర్ నుంచి సాధించిన నల్ల కవర్లలో ఒకటి విప్పి, చీర అందులో పెట్టింది. కుంకుమ బొట్టు పెట్టిన కొబ్బరికాయ, జాకెట్టు ముక్క పైన సర్దింది.

"ఆవిడకేం తెలుస్తుందిలెండి. కవరు చూసి మురిసిపోతుంది."

నాన్న తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు. ఆ కవరు భోజనాల దగ్గరికి పట్టుకెళ్ళింది నేనే.

భాగ్యమ్మ రెండు చేతులూ చీర కొంగుకి తుడుచుకుని అందుకుంది.

"గీ దుకాణపు చీరనా! అక్కా, ఏంది గిట్ల జేస్తివి? మా పోరడు రాకేశ్ రోజు క్యాబుల గా దుకాణం ముంగటకెళ్ళే ఆఫీసోళ్ళను దింపొస్తడు. మేం ఏనాడన్న లోపల కాలు వెట్టినోళ్ళమా?"

"అదేం మాట భాగ్యమ్మగారూ, మీకు కాక ఇంకెవరికి పెడతాను!" అంది అమ్మ. గొంతు తడబడలేదు.

పెంటయ్య తనకి పెట్టిన తువ్వాలు ఎత్తి చూపించాడు. "రాజేశ్వరమ్మా, నాక్కూడ గసొంటి కవర్ల వెట్టి ఇయ్యరాదు? నేను జర మురుస్త."

అందరూ నవ్వారు. భాగ్యమ్మ మాత్రం కవరు విప్పలేదు. దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకునే వెళ్ళిందని రాకేశ్ తర్వాత చెప్పాడు.

*

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. నేను ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. తలుపు తీస్తే భాగ్యమ్మ. వానలో సగం తడిసింది. ముఖం పీక్కుపోయింది.

"అక్కా, జర గా చీర బిల్లు ఇయ్యవా?"

అమ్మ చేతిలో పసుపు గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఏ బిల్లు?"

"నాకు వెట్టిన చీర బిల్లు. చెప్త, కూసోనియ్యి."

రాకేశ్‌కి సంబంధం కుదిరింది. అమ్మాయి జ్యోత్స్న, చందానగర్. మొన్న ఆదివారం పూలు పండ్లు పెట్టుకుని వచ్చారు. కాబోయే కోడలికి భాగ్యమ్మ ఆ నల్ల కవరే చేతిలో పెట్టింది.

"గంత పెద్ద చీర నేనేడ కట్టుకుంట అక్కా? ఇంట్ల ఉన్న దాంట్ల గదే మంచిది. విప్పితే మడత వోతదని విప్పి గూడ సూడలే. పిల్లకు వెట్టిన."

జ్యోత్స్న మేనత్త శిరీష నీలం రంగు పిల్లకి నప్పదని, మార్చుకొస్తానని ఆ షాపుకి పట్టుకెళ్ళింది. కౌంటర్ దగ్గర చీర విప్పి చూశారు. ఇది మాది కాదన్నారు. శిరీష వాదించింది. మేనేజర్ వచ్చాడు. ఇలాంటివి బజార్లో దొరుకుతాయి, కవరు ఎక్కడిదో కనుక్కోండని నలుగురిలో అన్నాడు.

"ఇజ్జత్ వోయిందంటున్నది. ఖాళీ కవర్ల అంగడి చీర వెట్టి మోసం జేసిన్రు, గిసొంటి ఇంటికి పిల్లనెట్ల ఇయ్యాలె అంటున్నది. ఆదివారం వస్తరంట, చీర వాపస్ ఇయ్యనీకి. చీర వాపస్ ఇచ్చిన్రంటే సంబంధం గూడ వాపసే గదా? పోరడు రెండు దినాలాయె, అన్నం ముట్టలే." భాగ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. "దుకాణపోళ్ళు మమ్మల్ని జూసి గట్ల జేసిన్రు. మేం గసొంటివి కొననోళ్ళమని తెలుస్తది గదా మొఖం జూస్తే. నువ్వు బిల్లియ్యి అక్కా. వాళ్ళ మొఖాన కొడ్త."

నా లాప్‌టాప్‌లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు. నేను మీటింగ్ కట్టేశాను.

ఆమెకి మా మీద అనుమానం రాలేదు. చీర మీద కూడా రాలేదు. అంత పెద్ద షాపువాళ్ళ మాటనైనా కాదనుకుంది గానీ, అమ్మని కాదనుకోలేదు.

"బిల్లు... ఎక్కడ పెట్టానో భాగ్యమ్మగారూ. సామానంతా..." అమ్మ పసుపు గిన్నె కింద పెట్టింది. "వెతికి ఆదివారం నేనే తెస్తాను."

"ఫికర్ జెయ్యకు. కొత్త ఇల్లాయె, ఏది యాడున్నదో నీకేం ఎరుక? నిదానంగ దేవులాడు." మమ్మల్ని ఓదార్చి వెళ్ళింది.

సాయంత్రం నాన్న వచ్చాక చెప్పాను. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ విన్నారు.

"వెళ్ళి నిజం చెప్పెయ్ రాజా."

"చెప్పి?" అమ్మ లేచింది. "అద్దెకున్నవాళ్ళు ఆవిడకి లాట్ చీర పెట్టారని వియ్యాలవారి ముందు చెప్పాలా? మీకు మీ కిరాయిదార్ల దగ్గరే ఇంత లోకువా అని వాళ్ళు నవ్వరూ? నా పరువు సరే, ఆవిడ పరువేం కావాలి?"

అందులో ఎంత నిజముందో, ఎంత భయముందో నేను విడదీయలేకపోయాను. బహుశా అమ్మకీ తెలిసి ఉండదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కంచిపట్టు పరిచింది. బ్లేడు తీసుకుని ఫాల్ కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. రెండో కొస నేను పట్టుకున్నాను.

"ఆ రోజు ఈ చీరలో ఆవిడ నన్ను చూడలేదు. జాకెట్టు ముక్క కూడా తియ్యలేదు. కవర్లు తారుమారయ్యాయని చెప్తాను. ఏం తెలుస్తుంది?"

మళ్ళీ అదే మాట. ఈసారి అన్నాక అమ్మే ఉలిక్కిపడింది. బ్లేడు ఆగింది. తర్వాత మళ్ళీ కుట్లు తెంపుకుంటూ పోయింది. దారం పోయింది గానీ పట్టు మీద అంచు పొడుగునా సూది గుచ్చిన గుర్తులు చీమల బారులా మిగిలాయి. ఇస్త్రీ చేయించినా పోలేదు.

*

ఆదివారం పొద్దున హఫీజ్‌పేట్ వెళ్ళేసరికి గుమ్మం ముందు చాలా జతల చెప్పులున్నాయి. హాల్లో సోఫా మీద శిరీష కూర్చుంది. పక్కన అమ్మాయి తండ్రి. టీపాయ్ మీద నల్ల కవరు. రాకేశ్ గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు, తెర ఆరిపోయి ఉంది.

"మేం ఆశపడే మనుషులం గాదు వదినా," అంటోంది శిరీష. "మీరు అంగడి చీర వెట్టినా కండ్లకద్దుకుంటుంటిమి. గీ కవరెందుకు? ఉన్నది లేనట్టు, లేంది ఉన్నట్టు. రేపు పిల్లను గూడ గిట్లనే మాటలు జెప్పి ఏలుకుంటరా?"

పెంటయ్య తల వంచుకుని ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి.

"గామె వచ్చింది! చెప్పక్కా!" భాగ్యమ్మ లేచి అమ్మ చెయ్యి పట్టుకుంది. "బిల్లు దొర్కిందా?"

"తప్పు నాదేనండీ." అమ్మ అందరి వైపు చూసి అంది, భాగ్యమ్మ వైపు తప్ప. "మేము రెండు చోట్ల కొన్నాం. గృహప్రవేశం హడావుడిలో కవర్లు తారుమారయ్యాయి. భాగ్యమ్మగారి చీర మా బీరువాలోనే ఉండిపోయింది. ఇదిగో."

కంచిపట్టు తీసి టీపాయ్ మీద పెట్టింది. గదిలోకి వెలుతురు వచ్చినట్టయింది. శిరీష మాట మధ్యలో ఆపేసింది. జరీ మీదికి ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళబోయింది.

ఆ చెయ్యి చేరకముందే భాగ్యమ్మ చీర అందుకుని ఒళ్ళోకి తీసుకుంది. మురిపెంగా నిమిరింది. పల్లూ, జరీ, అంచు. అంచు దగ్గర ఆమె బొటనవేలు ఆగింది. మెల్లగా, కొంచెం ముందుకి జరిగింది. మళ్ళీ ఆగింది.

సూది గుర్తులున్న చోటు అది.

భాగ్యమ్మ తలెత్తి అమ్మని చూసింది. చూపులో కోపమేమీ లేదు. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ఆ అంచుని మడత లోపలికి తిప్పేసింది.

"గిదే," అంది. "గిదే నాకు వెట్టిన చీర. మా అక్క ఎన్నడు అబద్ధం జెప్పదు."

"అయ్యో, జర ముందే అడగకపోతిమి," అంది శిరీష. నొచ్చుకున్నట్టు చెయ్యి చాచింది. "ఇయ్యి వదినా, పిల్లకు సూపిస్త."

"ఇప్పుడియ్య. ఒకసారి ఇచ్చి గిన్ని మాటలు వడ్డ. లగ్గం నాడు నా చేతుల మీద వెడ్త, నలుగురిల." నవ్వింది కూడా. "శ్రావణం ఆఖరికి ముహూర్తం ఉన్నదన్నడు గదా పంతులు? గదే ఖాయం జేద్దాం. రాకేశ్, నిలవడ్డవేంది, అత్తకు చాయ్ వొయ్యి."

రాకేశ్ వంటింట్లోకి పరిగెత్తాడు. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మాకూ చాయ్ వచ్చింది. అమ్మ కప్పు పట్టుకుంది గానీ నోటి దాకా తీసుకెళ్ళలేదు. మేము లేచినప్పుడు భాగ్యమ్మ గుమ్మం దాకా వచ్చింది. రోజూ అనే "మళ్ళెప్పుడొస్తవక్కా" అనలేదు.

ఆ వారమే అమ్మ మిగిలిన నల్ల కవర్లు చింపి చెత్త బుట్టలో వేసింది. అది చూసి నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఒకసారి ఫోన్ చెయ్యమని నేనన్నాను. నంబరు దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏమని చెయ్యను?" అంది.

*

పెళ్ళి ఇంకా కొన్ని రోజులుందనగా వాళ్ళిద్దరూ వచ్చారు. పెంటయ్య నాన్నకి శుభలేఖ ఇచ్చి హాల్లో కూర్చున్నాడు. భాగ్యమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఒక మామూలు గుడ్డ సంచి. అందులోంచి కంచిపట్టు తీసి గట్టు మీద పెట్టింది.

"మా పిల్లకు గసొంటి రంగే కొత్తది కొన్నం. కుట్లిప్పిన చీర కోడలికెట్ల వెడ్త అక్కా?"

అమ్మ స్టవ్ ఆపింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

"ఒక్క మాట అడుగుత. చందానగర్‌ల కొన్న అని జెప్పి ఇస్తే, నేను వద్దంటుంటినా?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అమ్మ నన్ను వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. అనలేదు.

"మీకు మంచిదే తీసిపెట్టాను భాగ్యమ్మగారూ," అంది చాలా చిన్న గొంతుతో. "గద్వాల చీర. ఆ రోజు మా ఆడపడుచు వచ్చింది. ఆవిడకిచ్చేశాను. ఆవిడైతే కనిపెడుతుందని. మీకు... మీకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట పైకి అన్నాను కూడా. ఇదిగో, దీని ముందే అన్నాను."

భాగ్యమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నిజమే," అంది. "నాకు తెల్వలే."

కుక్కర్‌లో ఆవిరి చిన్నగా బుసకొట్టి ఆగిపోయింది. హాల్లో పెంటయ్య ఏదో జోకు వేశాడు. నాన్న అవసరమైన దానికంటే గట్టిగా నవ్వారు.

భాగ్యమ్మ కొంగు ముడిలోంచి కుంకుమ భరిణె తీసింది. మూత తిప్పి ఉంగరపు వేలు ముంచింది.

"శుక్రారం లగ్గం. అందరు రావాలె. పొద్దుగాలనే రావాలె."

అమ్మ కదల్లేదు. గచ్చు మీదే చూపు పెట్టుకుని నిలబడింది. కన్నీళ్ళు ముక్కు కొస దాకా జారి కిందికి రాలుతున్నాయి. భాగ్యమ్మ వేలు గాల్లో అలాగే ఉంది.

"తల జర పైకి వెట్టక్కా," అంది. "బొట్టెట్ల వెట్టాలె?"